బండిలో వంట, బాటలో బంతి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో విశ్రాంత ఉద్యోగుల కార్తీకమాస సమావేశంలో ఒక విశ్రాంత సైన్సు టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా స్కూలు టీచర్లు, వెనకాల ఉక్కునగరం నుంచి వచ్చిన మావారి స్నేహితులు కనిపిస్తున్నారు. చాలా సంతోషంగా ఉంది.

కార్యదర్శిగారు నన్ను దేశాటన గురించి చెప్పమన్నారు. మేమిద్దరం సంక్రాంతి వెళ్లాక మోటార్‌హోమ్‌లో బయల్దేరి, దాదాపు ఏడాది తిరిగి, మొన్నీమధ్యే ఊరు చేరాం. కొండలూ కోటలూ వర్ణిస్తానని మీరు అనుకుని ఉంటారు. ఆ ఫోటోలు మావారి ఫోన్లో ఉన్నాయి, తర్వాత చూపిస్తారు. నేను మాత్రం భోజనాల గురించి మాట్లాడతాను. ఎక్కడ ఏం దొరుకుతుందని కాదు. ఎవరితో కూర్చుని తిన్నామన్నదే నాకు ముఖ్యం.

మావారు విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేస్‌లో, అంటే ఇనుప ఖనిజం కరిగించే పెద్ద కొలిమి దగ్గర, పనిచేశారు. 1990లో 'గోదావరి' అని పేరు పెట్టిన మొదటి ఫర్నేస్ వెలిగినప్పుడు అక్కడున్న కుర్రాళ్లలో ఆయనొకరు. ఆ పొయ్యి ఒకసారి రాజేశాక ఏళ్ల తరబడి ఆర్పరు. దానికి పండగ లేదు, అర్ధరాత్రి లేదు. అందుకే ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. ఆ ఇళ్లల్లో కాపురం చేసిన ఆడవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు నేను చెప్పక్కర్లేదు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన డ్యూటీకి వెళ్లిపోయేవారు. ఆయన వచ్చేసరికి నేను, పిల్లలు నిద్ర. అన్నేళ్లూ ఆయన తిన్నది నా చేతి వంటే, కానీ నేను కట్టిన క్యారేజీలో తిన్నారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్న పూటలు పండగలప్పుడే.

రిటైరయ్యాక ఇక కలిసి తింటాం అనుకున్నాను. అలవాటు అంత తొందరగా మారదు. ఆయన పదకొండున్నరకే ఆకలంటారు, నాకు రెండు దాటితే గానీ తినబుద్ధి కాదు. ఆయన టీవీ ముందు, నేను వంటింటి గట్టు దగ్గర. పిల్లలు దూరదేశాల్లో. ఇద్దరి కోసం పప్పు వండితే మర్నాటికీ మిగులుతుంది. మన కాలనీలో ఎన్ని ఫ్లాట్లలో ఇలాగే గడుస్తోందో మీకు తెలుసు. మనిషి ఒంటరిగా తినడం మొదలుపెట్టాక ముందు కూర మానేస్తాడు, తర్వాత చారు మానేస్తాడు, చివరికి పెరుగన్నం, పచ్చడితో సరిపెట్టుకుంటాడు. పెద్దవాళ్లు నీరసపడిపోవడానికి సగం కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

బండి ఆలోచన మావారిది. వాడిన ట్రావెలర్ వ్యాను ఒకటి కొని, వెనక సీట్లు తీయించి, లోపల మంచం, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి, ఒక పొయ్యి గట్టు పెట్టించారు. ఆ గట్టు నా చేతులు రెండూ చాపినంత వెడల్పు కూడా లేదు. గట్టు కింద రెండు సొరుగులు: ఒకదాంట్లో పోపుల పెట్టె, కందిపొడి, చింతపండు పులుసు ఉడికించి నిలవ చేసిన పులిహోర ముద్ద, రెండోదాంట్లో గిన్నెలు, వాటి మధ్య చప్పుడు కాకుండా పాత పంచె ముక్కలు. ఆవకాయ జాడీకి మంచం కింద చెక్కతో ప్రత్యేకంగా గూడు కట్టించాను. అనకాపల్లి బెల్లం, పలాస జీడిపప్పు పైన అరలో. బల్ల గోడకి మడిచి ఉంటుంది, దించితే ఇద్దరికే సరిపోతుంది. కంచం పెట్టుకుని కూర్చుంటే ఎదుటి మనిషి ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు. అన్నేళ్ల కాపురంలో మేమిద్దరం రోజూ కలిసి తినడం అక్కడే మొదలైంది.

(సభలోంచి ఒకరు: కరెంటు, గ్యాసు ఎలా టీచర్‌గారూ?)

చెప్తానండి, అది తెలియకుండా ఎవరూ బయల్దేరకూడదు. పన్నెండు వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ అనుకోండి. లెక్కేస్తే అందులో ఉండేది దాదాపు రెండున్నర యూనిట్లు. ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద గంటకు దాదాపు రెండు యూనిట్లు తాగేస్తుంది. అది వాడితే ఫ్రిజ్‌కి మిగలదు. మావారికి ఇన్సులిన్ ఉంది, అది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. కాబట్టి కరెంటు ఫ్రిజ్‌కి, దీపాలకి. వంట ఐదు కిలోల చిన్న సిలిండరు మీద. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పేరుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టిన అరకి అడుగున బయటికి రంధ్రం ఉండాలి, పైన కిటికీ తెరిస్తే సరిపోదు. చలి ప్రాంతాల్లో అన్నీ బిగించుకుని లోపల పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక కాగితాలు. బండి రూపం మారిస్తే ఆర్‌టీవో అనుమతి తీసుకుని రిజిస్ట్రేషన్ పుస్తకంలో మార్పు రాయించుకోవాలి, 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అదే. మన వయసు వాళ్లకి లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్. చీకటి పడ్డాక బండి నడపకూడదని నేను పెట్టిన నియమం. పొద్దున్నే చల్లపూట నడపడం, పన్నెండుకల్లా ఎక్కడో చెట్టు కింద ఆగడం, వండటం.

అలా ఆగడంతోనే అసలు సంగతి మొదలైంది. ఇంటి తలుపేసుకుని తింటే ఎవరూ చూడరు. రోడ్డు పక్క బండి తలుపు తీసి పోపు వేస్తే, ఇంగువ వాసనకి మనుషులు వస్తారు. ముందు పిల్లలు, వెనకాల వాళ్ల అమ్మలు. అప్పుడు మనం 'రండి, భోంచేద్దురు గాని' అనాలి. ఆ మాట అనడం మనకి చిన్నప్పటి నుంచీ వచ్చు. ఫ్లాట్లలోకి వచ్చాక దాని అవసరం లేకుండా పోయింది. నేను మొదటి వారం నుంచీ గిన్నెలో ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోయడం మొదలుపెట్టాను. ఎవరైనా వస్తారని తెలిసి కాదు, వస్తే ఉండాలని.

మొదట ఆగింది కోనసీమలో, లంకల గన్నవరంలో. నేను పట్టుబట్టి అక్కడికి తీసుకెళ్లమన్నాను. డొక్కా సీతమ్మగారి ఊరు. ఆవిడ పుట్టింది 1841లో, పోయింది 1909లో. గోదావరి పాయ దాటి అలిసి వచ్చే బాటసారులకి ఏ వేళలోనైనా పొయ్యి రాజేసి వండిపెట్టిన ఇల్లాలు. ఇంగ్లండు రాజుగారు ఆవిడ ఫోటో తెప్పించుకున్నారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు. బడిలో పిల్లల వెనక నిలబడి అన్నం వడ్డించినదాన్ని కాబట్టి ఆ పేరు విన్నప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిడ గురించి ఒక్క విషయం ఆలోచించండి. సత్రం కట్టి, జీతగాళ్లని పెట్టి దూరంగా కూర్చోలేదు. తన వంటింట్లో, తన చేత్తో పెట్టింది. డబ్బిచ్చి చేసే అన్నదానం గొప్పదే, కాదనను. ఎదురుగా కూర్చుని 'ఇంకొంచెం వేసుకోండి' అనడం వేరు.

తమిళనాడు, కేరళ, ఉడుపి, కొంకణం... వీటి గురించి పెద్దగా చెప్పను. కేరళ ప్రభుత్వం 2021లోనే మా బండిలాంటి వాటి కోసం క్యారవాన్ విధానం తెచ్చింది, ఇలాంటి బండ్లు అక్కడ వింత కాదు, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఉడుపి మఠంలో బంతిలో కూర్చుని తిన్నాం, బాగుంది. ఒక సముద్రతీరంలో మాత్రం రాత్రిపూట వచ్చి బండి తీసేయమన్నారు. అక్కడి పల్లెకారు ఒకాయన 'మా వాకిట్లో పెట్టుకోండి' అని తీసుకెళ్లి, పొద్దున్నే కాఫీ ఇచ్చాడు.

కచ్ గురించి మాత్రం తీరుబడిగా చెప్పాలి.

గుజరాత్ పడమటి కొసన లఖ్‌పత్ అని ఒక కోట ఉంది. ఒకప్పుడు గొప్ప రేవు. 1819లో పెద్ద భూకంపం వచ్చి సింధు నది పాయ దారి మళ్లింది. నీళ్లు పోయాయి, వ్యాపారం పోయింది, ఊరు ఖాళీ అయింది. కిలోమీటర్ల గోడ నిలబడి ఉంది, లోపల ఇళ్లు మాత్రం పిడికెడు. ఆ గోడ లోపల ఒక గురుద్వారా ఉంది. గురునానక్ అక్కడ ఆగారని నమ్మకం. ఆ నిర్మానుష్యంలో వచ్చినవాళ్లకి టీ, రొట్టె, పప్పు పెడుతున్నారు. ఎవరని అడగలేదు. తిన్నాక కంచం కడగమన్నారు, కడిగాం.

కోటకి కొంచెం దూరంలో పశువుల కాపరుల ఇల్లు. ఆ ఇంటావిడకి నా వయసే ఉంటుంది. సజ్జపిండి అరచేతుల మధ్య తిప్పుతూ తట్టి రొట్టె చేస్తోంది, కర్ర లేదు, పీట లేదు. రొట్టె అంచు చీలిపోకుండా చిటికెన వేలితో అదుముతూ తిప్పడం నేను నోరు తెరుచుకుని చూశాను. వేడి రొట్టె మీద వెన్న, పక్కన బెల్లం ముక్క, ఒక పెద్ద గ్లాసు మజ్జిగ. మావారికి ఉక్కు ఫ్యాక్టరీలో బిహారీ, ఒడియా స్నేహితుల దగ్గర అబ్బిన హిందీ ఉంది, దాంతోనే నడిచింది. అక్కడ ఒంటెల్లో ఖరాయీ అనే జాతి ఉందట, సముద్రంలో ఈదుకుంటూ వెళ్లి మడచెట్ల ఆకులు మేసి వస్తాయి. ఆ ఇంటాయన వాటి గురించి చెప్తుంటే రాత్రయింది.

నేను డబ్బివ్వబోతే ఆవిడ నా చెయ్యి మూసేసింది. మర్నాడు పొద్దున్న ఒక స్టీలు గిన్నెలో వెన్న పోసి పంపింది. చూడండి, మన ఇళ్లల్లో ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపం కదా? పక్కింటివాళ్లు కూర ఇస్తే, గిన్నె కడిగి, కనీసం నాలుగు పంచదార పలుకులైనా వేసి ఇస్తాం. నేను ఆ గిన్నెలో పలాస జీడిపప్పు, అనకాపల్లి బెల్లం పెట్టి ఇచ్చాను. ఆవిడ మన బెల్లం కొరికి, వాళ్ల బెల్లం కొరికి, రెండూ నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత మళ్లీ నా గిన్నె అడిగి తీసుకుని ఇంకేదో పెట్టబోయింది. ఇలా అయితే మేం కదలలేమని మావారు బండి స్టార్ట్ చేశారు.

ఆ రోజు నుంచీ నాకొక సంగతి బోధపడింది. పెట్టడం మనకి తేలికే. మనకన్నా లేనివాళ్ల దగ్గర మనం కూర్చుని తృప్తిగా తినడం, 'అయ్యో వద్దండీ' అనకుండా తినడం, అది కష్టం. ఉద్యోగం చేసిన రోజుల్లో మనం ఇచ్చే చేతులం. వయసు మళ్లాక పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే పిల్లల దగ్గరా ఇబ్బందే, పనివాళ్ల దగ్గరా ఇబ్బందే.

రాజస్థాన్ ఎండకి భయపడి తొందరగా దాటేశాం. అమృత్‌సర్‌లో ఆగాం. స్వర్ణ దేవాలయం లంగర్‌లో, అంటే ఉచిత భోజనశాలలో, రోజుకి యాభైవేల మందికి తగ్గకుండా తింటారు, పండగల్లో లక్ష. రాత్రీ పగలూ నడుస్తుంది. బంతిలో కూర్చుని తిన్నాకే గురువు దర్శనం అన్నది పూర్వం సిక్కు గురువుల పద్ధతి, గురువుని చూడవచ్చిన అక్బరు చక్రవర్తి కూడా నేలమీద అందరితో కూర్చున్నాడని చెప్పుకుంటారు. నేను వెల్లుల్లి ఒలిచే వాళ్లలో కూర్చున్నాను. మావారు కంచాలు కడిగే తొట్టి దగ్గర నిలబడ్డారు. స్టీలు కంచాల మోత ఎలా ఉందంటే పక్కమనిషి మాట వినపడదు. తెల్లవారుజామున ఒక జట్టు వెళ్లి మరో జట్టు వచ్చింది. ఆయన తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి 'ఇదీ ఆరని పొయ్యే' అన్నారు. జీవితమంతా ఆరని పొయ్యి దగ్గర పనిచేసిన మనిషి ఆ మాట అంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు.

వేసవిలో లేహ్ వెళ్లాం. మనాలి వైపు కనుమలు మరీ ఎత్తు, ఈ వయసులో వద్దని డాక్టరుగారు చెప్పారు. శ్రీనగర్, కార్గిల్ మీదుగా మెల్లగా ఎక్కాం, చేరాక రెండు రోజులు కదల్లేదు. అక్కడ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మరిగించినా కందిపప్పు పలుకే. కుక్కరు తప్పదు. మన విశాఖలో కుక్కరు లోపల 120 డిగ్రీల వరకు వెళ్తుంది, అక్కడ 115 దగ్గర ఆగిపోతుంది. నాలుగు విజిల్స్ పప్పుకి ఆరేడు పెట్టాలి. తొమ్మిదో తరగతికి ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పిన పాఠం నా పొయ్యి మీద చూసుకున్నాను. మేం దిగిన ఇంటివాళ్లు ఖంబీర్ అని మందపాటి రొట్టె, ఆప్రికాట్ పండుతో చేసిన జామ్ ఇచ్చారు. నా ముద్దపప్పు, ఆవకాయ వాళ్ల రొట్టెలో పెట్టుకుని తిన్నారు. ఆ ఇంటి పెద్దావిడ ఆవకాయ నూనె వేలితో తుడిచి మరీ తింది.

తిరుగుదారి వానల్లో. బెంగాల్లో దీఘా దగ్గర ఒక చేపల వంట చూశాను. ఆవాలు, పచ్చిమిరపకాయ, ఉప్పు కలిపి నూరుతున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది, మన ఆవ పెట్టిన కూర! ఆవఘాటు గింజలో తయారుగా ఉండదు. నీళ్లతో నూరినప్పుడు పుడుతుంది, ఎక్కువ వేడి తగిలితే పోతుంది. అందుకే మనం పొయ్యి దించాక ఆవ కలుపుతాం. వాళ్లు చేపకి, మనం కంద బచ్చలికి, పనసపొట్టుకి. గోదావరి నుంచి గంగ దాకా ఈ తూర్పుతీరం అంతా ఒకే రోలు అనిపించింది నాకు.

పూరీలో ఆనందబజారులో మహాప్రసాదం తిన్నాం. మట్టికుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టెల మీద వండుతారు. నేలమీద కూర్చుని, ఎవరి పక్కన ఎవరన్న పట్టింపు లేకుండా తింటారు. అక్కడ మా పక్కన కూర్చున్నాయన తన ఆకులోంచి తీసి మావారి ఆకులో పెట్టాడు. మావారు కళ్లకద్దుకుని తిన్నారు. ఇంట్లో ఎవరి చెంచా వాళ్లకి వేరుగా ఉండాలనే మనిషి.

చిల్క సరస్సు దక్షిణపు ఒడ్డున రంభ. అక్కడికొచ్చేసరికి మన భాష వినపడుతుంది. చేపల వల బాగుచేసుకుంటున్న ఒకావిడ మా బండి నెంబరు చూసి, 'వైజాగా? ఏటమ్మా, నిలబడిపోనారు? తినీసి ఎల్లండి' అంది. పొద్దుటి పఖాళ. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టింది, మన తరవాణి లాంటిదే. పైన పెరుగు, పచ్చిమిరప, నలిపిన వడియాలు, వేయించిన చిన్నచేపలు. మావారు రెండోసారి వడ్డించుకున్నారు. తరవాణి ఆయన చిన్నప్పుడు వాళ్ల మామ్మ పెట్టేదట. ఆ సంగతి ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. ఎదురెదురుగా కూర్చుని తినకపోతే భార్యాభర్తలకి కూడా ఇలాంటివి తెలియవు. ఆ గిన్నెలో నేను చివరికి మిగిలిన బెల్లమంతా పెట్టేశాను.

ఇప్పుడు అసలు ప్రతిపాదన. బండి మా అపార్టుమెంటు పార్కింగులో పట్టదు, గుడి పక్క ఖాళీస్థలంలో ఉంది. అక్కడ అది ఊరికే నిలబడి ఉండటం నాకిష్టం లేదు. మన కాలనీలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల పేర్లు నేనూ కార్యదర్శిగారూ కలిసి రాసుకున్నాం. ఈ ఆదివారం ముడసర్లోవలో వనభోజనం. ఉసిరిచెట్టు ఉందో లేదో మావారు వెళ్లి చూసి వచ్చారు, ఉంది. నడవలేనివాళ్లని బండిలో మంచం మీద కూర్చోబెట్టి తీసుకెళ్తాం. క్యారేజీలు ఇళ్లకి పంపే పద్ధతి మాత్రం వద్దు, మనుషుల్నే తీసుకొద్దాం. కార్తీకం అయిపోయాక కూడా నెలకో ఆదివారం ఇలాగే, భీమిలి వైపో, తొట్లకొండ వైపో.

కంద బచ్చలి ఆవ పెట్టి నేను చేస్తాను. పులిహోర, దప్పళం, పెరుగు ఎవరెవరివో ఆ పుస్తకంలో రాయించండి. షుగరు ఉన్నవాళ్లకి చోడి అంబలి ఉంటుంది. ఎవరి కంచం, గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలి, ప్లాస్టిక్ వద్దు. బండి గుడి దగ్గర తొమ్మిదిన్నరకి బయల్దేరుతుంది, మావారు ఆలస్యం ఒప్పుకోరు.